మా బాపుకు నేను బేరమాడిన పెట్టె

పాము తిన్నావా అని నన్ను అడగనివాడు సిరొంచలో ఒక్కడూ మిగల్లేదు. తినలేదు. కప్ప కూడా తినలేదు. చైనా నుంచి వచ్చి నెల దాటింది, బస్టాండు వైపు అడుగు పెడితే చాలు, చాయ్ తాగేవాళ్లంతా గ్లాసులు పక్కన పెట్టి ఇదే ప్రశ్న. ఒకసారి రాసి పడేస్తే అందరూ చదువుకుంటారు, నా ప్రాణానికి సుఖం అని కూర్చున్నాను. తీరా రాయబోతే, చెప్పవలసింది తిండి సంగతి కాదని తెలిసింది. అక్కడ ఉన్నది పది రోజులు. ఆ పది రోజులూ తెరిచిన నోరు తెరిచినట్టే ఉన్నాను. ఆ నోరు సరిగ్గా మూతపడింది మళ్లీ మా ఇంటికి వచ్చాకే.

సిరొంచ రేవు

మాది టేకు సామాన్ల దుకాణం. అల్లపల్లిలో కలప కొని మంచాలు, బీరువాలు, తలుపులు చేయించి అమ్ముతాం. ఈ 2007 దసరా వెళ్లాక చంద్రపూర్ వ్యాపారులు కొందరు యంత్రాలు చూడడానికి చైనా పోతున్నారంటే నేనూ పేరిచ్చాను. ఏటపల్లి అడవుల్లో వెదురుకు కొదవ లేదు. దాన్ని సన్నగా చీల్చే యంత్రం దొరికితే చాపలు, తడకలు మనమే చేయించవచ్చని నా ఆశ. మా అక్క మొగుడు, రేగుంట బావ, వరి నాటే యంత్రం చూస్తానని నాతో తయారయ్యాడు. నక్సలైట్లు తిరిగే మా జిల్లావాడు చైనాకు పాస్‌పోర్టు అడిగితే ఊరికే ఇస్తారా! పోలీసులు రెండుసార్లు పిలిపించి, అక్కడ నీకెవరు తెలుసు, ఏ పుస్తకాలు చదువుతావు అని ఆరా తీశారు. గోడమీది క్యాలెండరు తప్ప ఏదీ చదవనని చెప్తే నవ్వి సంతకం పెట్టారు.

ఇంత సంబరంలోనూ ఇంట్లో ఒక ముల్లు ఉంది. మా బాపుకు డెబ్బై ఆరేళ్లు. ఏడాదిగా ఆయాసం. గుండె వాచిందన్నారు డాక్టర్లు. ఆ ఏడాదిలో ఆయన ఒకే మాట ఎన్నిసార్లు మొదలుపెట్టాడో లెక్క లేదు. "రాజేశం, నేను పోయినంక..." అంటాడు. అంతే, అక్కడే ఆపేస్తాం. నేను ఉంటే నేను, మా అవ్వ ఉంటే అవ్వ. మావైపు తండ్రిని బాపు, తల్లిని అవ్వ అంటాం. నోట్లోంచి ఆ మాట పూర్తిగా రానిస్తే యముడు విని వస్తాడన్నట్టు మా భయం. కాబట్టి 'పోయినంక' తరువాత ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

బయలుదేరిన పొద్దున బాపు ఆటోలో రేవు దాకా వచ్చాడు. గోదావరి మీద మాకు వంతెన లేదు, పడవ దాటి కాళేశ్వరం ఒడ్డున బస్సెక్కాలి. నేను పడవలో కాలు పెట్టబోతుంటే నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"రాజేశం, జర ఒక్క మాట ఇని పో. నేను పోయినంక..."

అవ్వ నుదురు కొట్టుకుంది. "పయనమై పోయెటోనికి ఎదురుంగ గవేం మాటలయ్యా! శుభమా అని పోతుంటే నోట్ల మంచి మాటే రాదా నీకు?"

నాకూ ఒళ్లు మండింది. "బాపు, ఇగ గీ మాట నాతోని ఎన్నడు అనకు. అన్నవంటే నేను నీ దగ్గర కూసునుడే బందు వెడ్త" అన్నాను. తండ్రితో మాట్లాడే తీరు కాదది. బాపు నా మోచెయ్యి వదిలేశాడు. "సరే తియ్ బిడ్డా. మంచిగ పోయిరా" అన్నాడు.

పడవ నడి గోదావరికి వచ్చాక బావ అడిగాడు. "ఏమంటడో ఇంటే ఏం పోతుండె?"

"ఏమంటడు బావా, దినాలు గిట్ల చెయ్యి గట్ల చెయ్యి అంటడు. బూడిద కాళేశ్వరంల కలుపు అంటడు. ఇంకేముంటది?" అన్నాను. అన్నానే గాని, ఒడ్డున నిలబడ్డ బాపు వైపు తిరిగి చూడలేకపోయాను.

గ్వాంగ్‌జౌ

ఊరి మీద ఊరు కట్టినట్టుంది గ్వాంగ్‌జౌ. రోడ్డు మీద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు. అవి చూసి బిత్తరపోవడం సహజమే. నన్ను అసలు తికమక పెట్టింది ముసలివాళ్లు. తెల్లవారగానే హోటల్ ఎదుటి మైదానంలో టేపు రికార్డరు పెట్టి మా అవ్వ వయసు ఆడవాళ్లు నలభై మంది ఎర్ర విసనకర్రలు పట్టుకుని డాన్సు చేస్తున్నారు. సిగ్గూ లేదు, చూసి నవ్వేవాడూ లేడు. మరోపక్క తాతలు మనవలను భుజాన వేసుకుని తిప్పుతున్నారు. కొందరు పంజరంలో పిట్టను తెచ్చి చెట్టుకొమ్మకు తగిలించి దానికి గాలి చూపిస్తున్నారు. మనుషులకే గాలి చూపించే తీరిక లేదు మనకు.

భోజనం దగ్గర మరో దెబ్బ. గుండ్రటి బల్ల, మధ్యలో తిరిగే అద్దం, దాని మీద పదిహేను రకాలు వచ్చాయి. చేప, కోడి, ఆకుకూర, పుట్టగొడుగులు, పేరు తెలియనివి. అన్నం మాత్రం రాదు. బావ గంటసేపు చూశాడు. అన్నం ఆఖర్న, అంతా అయ్యాక, అడిగితే చిన్న గిన్నెలో ఇస్తారట. "గిదేం తీరు? కూరలు తిని బువ్వను అడుక్కునుడు!" అని బావ మండిపడ్డాడు. ఇంకో సంగతి. విస్తరి ఊడ్చినట్టు తినడం మనకు మర్యాద. అక్కడ గిన్నె ఖాళీ అయిందంటే ఇంకా ఆకలిగా ఉందని లెక్క. మేం మర్యాదగా ఖాళీ చేస్తున్న కొద్దీ వాళ్లు మర్యాదగా నింపుతున్నారు. ఆ పూట బావ బెల్టు రెండు కన్నాలు వదులు చేసుకున్నాడు. పెరుగు అడిగితే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చల్లటి నీళ్లూ లేవు. నీళ్లంటే పొగలు కక్కే వేడినీళ్లే.

బజారులో బేరమంతా కాలిక్యులేటరు మీద. చొక్కాకు తొంభై యువాన్లని నొక్కుతుంది అమ్మాయి, మనం ఇరవై అని నొక్కాలి. యువానంటే మన ఐదు రూపాయల పైచిలుకు. ముప్ఫైకి కొన్నాననుకుని మురిసిపోయాను. అదే చొక్కా పక్క సందులో బావ పద్దెనిమిదికి తెచ్చాడు.

మాకు దుబాసీగా లిన్ అనే అమ్మాయి వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయి. కాలేజీలో నాలుగేళ్లు హిందీ చదివిందట. ఆ హిందీ మన బస్టాండు హిందీ కాదు, పాఠ్యపుస్తకంలోది. "శ్రీమాన్, మీ శుభనామం ఏమిటి? మీరు ప్రాతఃకాలంలో అల్పాహారం స్వీకరించారా?" అని అడిగితే బావ నా చెవిలో, "గీ పిల్ల నిన్ను పెండ్లి పెద్దను చేస్తదేమో" అన్నాడు.

రైలు దిగిన ఊరు

వెదురు యంత్రాలు గ్వాంగ్‌జౌలో లేవు. జియాంగ్షీ అనే రాష్ట్రంలో, కొండల మధ్య, చెన్ అనే ఆయన దగ్గర ఉన్నాయన్నారు. చంద్రపూర్ వాళ్లు నగరంలో ఉండిపోయారు. నేను, బావ, లిన్ రైలెక్కాం. మాతోపాటు కార్ల్ అని ఒక జర్మనీ ఆయన. యాభై దాటిన మనిషి, వెదురు పలకలు కొనడానికి ఏటా వస్తాడట. మాట తక్కువ, టైము పక్కా.

స్టేషన్ బయటే చెన్ మమ్మల్ని కలుసుకుని నూడుల్స్ కొట్టుకు తీసుకుపోయాడు. తిన్నాక కార్ల్ పర్సు తీసి, తన గిన్నె ఖరీదు తను బల్ల మీద పెట్టాడు. చెన్ మొహం చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడింది. ఆ నోట్లు తీసి కార్ల్ జేబులో కుక్కాడు. కార్ల్ మళ్లీ పెట్టాడు. సిరొంచ బస్టాండులో ఇద్దరు చుట్టాలు చాయ్ డబ్బులకు కొట్లాడే తీరు ఇదే, అచ్చం. మాకు చెన్ బాధ అర్థమైంది. కార్ల్‌కు కాలేదు. "ఎవరు తిన్నది వాళ్లు ఇచ్చుకుంటే ఎవరికీ బరువు ఉండదు కదా" అని ఆయన లిన్‌తో ఇంగ్లీషులో అంటే, అది విని చెన్, "బరువు లేకపోతే మళ్లీ ఎందుకు కలుస్తాం?" అన్నాడట. లిన్ చెప్పగానే బావ చెన్ వీపు చరిచాడు.

చెన్ ఇల్లు

కొండలన్నీ వెదురు. మా ఏటపల్లి వెదురు ముళ్లతో గుబురుగా, లోపలికి చెయ్యి పెట్టనివ్వకుండా ఉంటుంది. వీళ్లది ఒక్కొక్క బొంగు తొడంత లావుగా, విడివిడిగా, తిన్నగా నిలబడి ఉంటుంది. చెన్ కార్ఖానా ఇంటి పక్కనే. యంత్రాన్ని చూశాను. బొంగును ఇటు తోస్తే అటు పన్నెండు బద్దలై వస్తోంది. నాకు నచ్చింది.

ఇంట్లో చెన్ తల్లి ఉంది. ఎనభై ఒకటో ఏడు. పిడికెడు మనిషి, నెరిసిన జుట్టు ముడి వేసుకుని, నీలం కోటు తొడుక్కుని, వాకిట్లో ఎర్రమిరపకాయలు తిరగేస్తోంది. మిరపకాయలు చూడగానే మాకు ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం ఆమె చేతి వంట, ఎండుచేప మిరపకాయల్లో వేయించి, వేడి అన్నంతో. ఇక్కడ అన్నం మొదటే పెట్టారు. బావ మూడు గిన్నెలు లాగించి, "గీ అవ్వ మనోళ్ల మనిషే" అన్నాడు.

వెనక గది

తిన్నాక ఇల్లు చూపించారు. వెనక గదిలో బస్తాలు, చిలగడదుంపలు, వాటి మధ్య రెండు బల్లల మీద ఒక పెట్టె. చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. ముప్ఫై ఏళ్లుగా కలపలో బతుకుతున్నవాణ్ని, అలాంటి పని చూడలేదు. నాలుగు పక్కలా మొద్దుల నుంచి చెక్కిన మందపు పలకలు. ఒక్క మేకు లేదు. ఒక కొస ఎత్తు, ఒక కొస తగ్గు, పైన వంపు తిరిగిన బరువైన మూత. నల్లటి నునుపులో నా మొహం కనబడుతోంది. మూత మీద చేటలో మిరపకాయలు ఆరబెట్టి ఉన్నాయి. చెన్ మూత కాస్త జరిపాడు. లోపల నిండా వడ్లు.

"గాదె!" అన్నాడు బావ. పిడికెడు తీసి వాసన చూసి, ఒక గింజ కొరికి, "పొట్టి గింజ, ఇత్తనానికి పనికొస్తది" అంటూ తువ్వాలు కొంగున ముడి వేసుకున్నాడు.

నేను జేబులోంచి టేపు తీశాను. అది లేకుండా నేను ఎక్కడికీ పోను. పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను, వేళ్లతో పలక మీద కొట్టి చూశాను. గట్టి కలప. ముసలమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది, ముఖం వెలిగిపోతోంది. నాకు మా బాపు గుర్తొచ్చాడు. ఇలాంటి పనితనం చూస్తే ఆయన ఎంత సంబరపడతాడో! రేవు దగ్గర కసిరిన పాపం కూడా లోపల గుచ్చుతూనే ఉంది.

"లిన్ గారూ, మా బాపుకు ఇట్లాంటిది ఒకటి చేయించాలని ఉంది. ఎంత అవుతుందో అడగండి" అన్నాను.

నా హిందీ లిన్ చైనా మాటలోకి మార్చింది. దాన్ని చెన్ తమ ఊరి మాటలో తల్లికి చెప్పాడు. ముసలమ్మ గబగబా వచ్చి నా చెయ్యి రెండు చేతులా పట్టుకుంది. చెన్ నా భుజం తట్టాడు. లిన్ చేతులు జోడించి, "శ్రీమాన్, మీరు ఉత్తమ పుత్రులు" అంది. పొంగిపోయాను.

ముసలమ్మ ఏదో అడిగింది. లిన్ చెప్పింది. "మీ తండ్రిగారి ఎత్తు ఎంత అని అడుగుతున్నారు."

"అయిదడుగుల ఎనిమిది అంగుళాలు" అన్నాను గర్వంగా. అప్పుడు తట్టింది. "వడ్లు పోసుకునే పెట్టెకు మనిషి ఎత్తుతో పనేమిటి?"

లిన్ నావైపు వింతగా చూసింది. "లోపల పడుకోవాలి కదా, శ్రీమాన్."

టేపు నా చేతిలోంచి చుట్టుకుని ఠపీమని మూసుకుంది. అది శవపేటిక. ఆ ముసలమ్మది. ఆమె బతికి ఉండగా, ఆమె ఇంట్లో, ఆమె మిరపకాయలు దాని మీద ఆరుతున్నాయి. నేను నా చేతులతో దాన్ని కొలిచాను. నా కన్నతండ్రికి ఒకటి కావాలని నా నోటితో బేరమాడాను.

"ఏందిరా, ఏమన్నది?" అని బావ గుంజుతున్నాడు. చెప్పాను. బావ తువ్వాలు ముడి విప్పి వడ్లు అక్కడే జాడించి, బావి దగ్గరకు పరుగెత్తాడు. మధ్యాహ్నం తిన్న మూడు గిన్నెల అన్నం ఆ పెట్టెలోదే అని ఆయనకు అప్పటికి తట్టింది.

నేను తమాయించుకుని అడిగితే లిన్ వివరించింది. ఆ కొండ ఊళ్లలో అరవై దాటాక పిల్లలు తల్లిదండ్రులకు పెట్టె చేయిస్తారు. పని మొదలుపెట్టిన రోజు చుట్టాలను పిలిచి భోజనాలు పెడతారు. ఖాళీగా ఉంచకూడదు కాబట్టి వడ్లు పోస్తారు. దాన్ని చూసుకుంటే పెద్దవాళ్లకు ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. నగరాల్లో ఇదంతా పోయింది, దహనమే. "నేను కూడా నా జీవితంలో రెండోసారి చూస్తున్నాను" అంది. ఈ పెట్టెకు చెన్ ఏటా తల్లి పుట్టినరోజున తనే ఒక పూత వేస్తాడు. అది చెట్టుపాలతో చేసే లక్క. పచ్చిగా ఉన్నప్పుడు ఒంటికి తగిలితే దద్దుర్లు. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి చూపించాడు. మోచేతుల దాకా పాత మచ్చలు. పదిహేడు పూతలయ్యాయట.

ముసలమ్మకు మా మొహాలు ఎందుకు పాలిపోయాయో అర్థం కాలేదు. మేం ఇంకా మెచ్చుకుంటున్నామనే అనుకుంది. ట్రంకుపెట్టె తెరిచి తన ఆఖరి బట్టలు తీసింది. నీలం పట్టు కోటు, కూతురు కుట్టిన పువ్వుల జోళ్లు. ఆ జోళ్లు తొడుక్కుని, గదిలో ఇటునుంచి అటు నాలుగడుగులు నడిచి చూపించింది. నవ్వుతూ. నాకు కళ్లు తిరిగాయి. మా ఇంట్లో ఆ మాట నోటితో అననివ్వం, ఈమె కాళ్లకు తొడుక్కుని నడుస్తోంది.

సాయంత్రం బల్ల దగ్గర

తలుపుకు ఎదురుగా ఉన్న కుర్చీ ముసలమ్మది. ఆమె అన్నం తినే పుల్లలు ఎత్తేదాకా ఎవరూ ముట్టుకోరు. చేప తల దగ్గర మెత్తటి కండ చెన్ తీసి తల్లి గిన్నెలో వేశాడు. బావ మాత్రం, "సోమారం, ఒక్కపొద్దు ఉన్న అని చెప్పు" అంటూ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు బేస్తవారం.

కార్ల్ ఏ మాత్రం కంగారు పడలేదు. పెట్టె గురించి ఆయనకు పాత పరిచయమే. "మా అమ్మకు ఎనభై నాలుగు" అన్నాడు. "సమాధి చోటు తనే చూసుకుంది. ఏ పాట వాయించాలో, ఎవరిని పిలవకూడదో కాగితం మీద రాసి నాకొకటి, మా చెల్లెలికొకటి పోస్టులో పంపింది."

"పోస్టులోనా? ఆమె మీ దగ్గర ఉండదా?" అన్నాను.

"ఒక్కతే ఉంటుంది, రెండో అంతస్తులో. నేను ఆదివారాలు ఫోన్ చేస్తాను. వచ్చి నీతో ఉంటానంటే నన్ను తరిమేస్తుంది."

ఒక రోజులో రెండో దెబ్బ ఇది. తల్లిని ఒంటరిగా పెట్టి, అదే ఆమె గొప్పతనం అన్నట్టు చెప్తున్నాడు. చెన్ పుల్లలు కింద పెట్టేశాడు. ముసలమ్మ సంగతి విని, "పాపం, పూత ఎవరు వేస్తారు?" అని అడిగింది. కార్ల్ నవ్వి, దానికి కంపెనీలున్నాయన్నాడు. ఆమె అతని గిన్నెలో ఇంకో చేప ముక్క వేసింది, తల్లి లేని పిల్లాడికి వేసినట్టు. లిన్ మెల్లగా, "మా ఇంట్లో నేను ఒక్కదాన్నే. అమ్మ, నాన్న, వాళ్ల అమ్మానాన్నలు, అందరికీ నేనే. ఎవరికి ఎప్పుడు ఏం చేయగలనో" అని తల దించుకుంది. ఆ మాట ఆమె చైనా వాళ్లకు చెప్పలేదు, హిందీలో నాకే చెప్పింది.

అప్పుడు ముసలమ్మ నావైపు తిరిగింది. "మీ నాన్నకు ఏం సిద్ధం చేశావు?"

నేను గొప్పగా చెప్పాను. మా దగ్గర ఆ మాట ఎత్తం. పెద్దవాళ్లే ఎత్తబోయినా ఆపేస్తాం. అది వాళ్ల మీద ప్రేమ అని.

ఆ మాట లిన్ నుంచి చెన్‌కు, చెన్ నుంచి తల్లికి చేరింది. మధ్యాహ్నం నేను ఆ పెట్టెను ఎలా చూశానో, ఇప్పుడు వాళ్లు ముగ్గురూ నన్ను అలా చూస్తున్నారు. కార్ల్ కూడా.

"మరి ఆయనకు ఏం కావాలో నీకెలా తెలుస్తుంది?" అంది ముసలమ్మ.

"ఆచారం ఉంటుంది. దాని ప్రకారం పెద్దలు జరిపిస్తారు."

"ఆచారం సరే. ఆయన మాట?"

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏడాదిగా ఆయన చెప్పబోతున్నాడు, నేను ఏడాదిగా ఆయన నోరు నొక్కుతున్నాను. దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

ఫోను కొట్టు

మర్నాడు చెన్ మమ్మల్ని బజారు ఊరికి తెచ్చాడు. అక్కడ ఫోను కొట్టులో అద్దాల గదులున్నాయి. సిరొంచకు కలవడానికి ఆరుసార్లు తిప్పాను. ఇంటికి ఆనుకున్న మా దుకాణం ఫోను అవ్వ ఎత్తింది.

"బాపును పిలువు అవ్వా. జర మాట్లాడాలె."

"పండుకున్నడు బిడ్డా. మొన్న ఆయాసం మస్తు ఎక్కువైంది. కరీంనగర్ తోల్కపోయినం. సెలైన్లు వెట్టి పంపిండ్రు. నువ్వు పరేషాన్ గాకు, కుషాలుగ ఉన్నడు."

మస్తు ఎక్కువైంది, కుషాలుగా ఉన్నాడు. ఏది నమ్మాలి? "లేపు అవ్వా" అన్నాను. "లేపద్దన్నడు డాక్టరు" అంది. లైను గరగరమని తెగిపోయింది. ఇరవై రెండు యువాన్లయింది. డబ్బులిచ్చి బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. మళ్లీ ఆ మాట నాతో అనొద్దని చెప్పి వచ్చాను. ఆయన మాట మీద నిలబడే మనిషి. నేను చేరేలోగా ఏమైనా అయితే ఆ మాట ఆయనతోనే పోతుంది.

బావ పక్కన కూర్చున్నాడు. ఎగతాళి చేయలేదు. "ఏం గాదు తియ్. నాలుగొద్దులల్ల మనింట్ల ఉంటం" అన్నాడు. యంత్రం సంగతి, వరి నాటే మిషను సంగతి తరువాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. మిగిలిన నాలుగు రోజుల్లో ఏం చూశానని అడిగితే నాకు నిజంగా గుర్తు లేదు. పెద్ద గడియారం ఉన్న స్టేషను ఒకటి గుర్తుంది, అదీ టైము చూస్తూ నిలబడ్డాను కాబట్టి.

మా ఇల్లు

పడవ సిరొంచ ఒడ్డుకు తగిలేటప్పటికి మిట్టమధ్యాహ్నం. ఇంటికి నడిచాను అనలేను, ఉరికాను. బాపు ముందరి అరుగు మీద మంచంలో, రెండు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. నన్ను చూసి, "పాము తిన్నవా?" అన్నాడు. ఆయనా అదే ప్రశ్న! ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అవ్వ లోపల వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. నేను మంచం పట్టె మీద కూర్చుని అన్నీ చెప్పాను. ముసలివాళ్ల డాన్సు, ఆఖర్న పెట్టే అన్నం, బావ బెల్టు. పెట్టె సంగతి, నా టేపు సంగతి కూడా దాచలేదు. వంటింట్లోంచి అవ్వ "శివ శివా!" అంది. బాపు మాత్రం దగ్గు వచ్చేదాకా నవ్వాడు. దగ్గు తగ్గాక, "ఏం కట్టె?" అని అడిగాడు.

"మన టేకు గాదు బాపు. వాళ్ల గుట్టల మీద పెరిగే సూదుల ఆకు చెట్టట. తేలిక, గని గట్టిది."

"నేనుండంగనే నా కొలత దీస్కుంటివి. బాగనే ఉన్నది" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో.

ఇంకా ఆలస్యం చేస్తే నాకు మళ్లీ ధైర్యం రాదు. "బాపు" అన్నాను. "నువ్వు పోయినంక... ఏందో అంటుంటివి గద. జెప్పు. ఇంట."

నా నోటితో ఆ మాట అనడం అదే మొదలు. బాపు నా మొహంలోకి చూశాడు, నిజంగానే అడుగుతున్నానా లేదా అని. తరువాత గొంతు తగ్గించాడు.

"నేను పోయినంక మీ అవ్వ గాజులు పలగ్గొట్టనియ్యకు. బొట్టు తుడువనియ్యకు. పదో దినంనాడు గా రేవుకాడికి తోల్కపోయి గా పని చేపియ్యకు."

బాపు దిండుకు ఒరిగి ఊపిరి తీసుకున్నాడు.

"మా నాయిన పోయినప్పుడు నాకు ఎనిమిదేండ్లు. మా అవ్వను గట్లనే తీస్కపోయిండ్రు. నేను ఎనుక ఉరికిన. చేతులకు నెత్తురొస్తుంటే చూసిన. ఒక్కలన్న ఆపుతరేమో అని అందరి మొకాలు చూసిన, ఒక్కడు ఆపలె. గది నా కండ్లల్ల ఇంకా పోలె రాజేశం. కులపోళ్లు అంటరు, ఆడోళ్లు ఒప్పుకోరు. నేనుంటె ఆపుదు. గప్పుడు నేనుండ గద. గందుకే నీకు జెప్పాలె అని."

ఆయన తన గురించి ఒక్క మాట అడగలేదు. దినాలు కాదు, కాళేశ్వరం కాదు. చైనాలో ఒక ముసలమ్మ పువ్వుల జోళ్లు వేసుకుని నడిస్తే నాకు కళ్లు తిరిగాయి. అదే నేను, మా చిన్నమ్మకు, మా పెద్దమ్మకు ఆ పదోరోజు జరుగుతుంటే, భుజాన తువ్వాలు వేసుకుని గట్టు మీద నిలబడ్డాను. ఎండ ఎక్కుతోంది, తొందరగా కానివ్వండి అని కూడా అన్నాను. ఒక్కసారి కూడా కళ్లు తిరగలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

"ఎవలడ్డమొచ్చిన సరే బాపు" అన్నాను. "చెయ్యనియ్య. మాటిస్తున్న."

ఆయన నా చెయ్యి పట్టుకుని అలాగే ఉంచుకున్నాడు. ఆయాసం కొంచెం నెమ్మదించింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. అవ్వ అంతా విందన్నమాట. ఇప్పుడు నుదురు కొట్టుకుంటుంది, శుభమా అని కొడుకు ఇంటికొస్తే గవేం మాటలని మా ఇద్దరినీ దులిపేస్తుంది అనుకుని, తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. తలుపు చాటు నుంచి అవ్వ గొంతు మెల్లగా వచ్చింది.

"మెట్టెలు గుడ తియ్యద్దని చెప్పుండ్రి వానికి."